పాత సామాన్లకు ఆన్‌లైన్‌లో అడిగే ధరలు: అమ్మేవాళ్ల ఇష్టమా, కొనేవాళ్లకు అన్యాయమా?

టేకుచేవ:
మూడు నెలలుగా ఒక పడక కుర్చీ కోసం వెతుకుతున్నాను. చేతుల కింద నుంచి పలకలు బయటికి తిరిగి, వాటిమీద కాళ్లు చాపుకునే రకం. మా తాతయ్య వరండాలో ఉండేది. ఆన్‌లైన్ ప్రకటనల్లో అలాంటివి పదిహేడు చూశాను. అన్నిటికన్నా తక్కువ అడిగింది 38 వేలు. ఒకదానికి 1,20,000 అడిగారు. ఫోటో పెద్దది చేసి చూస్తే దాని వెనక కాలు ఎప్పుడో విరిగి, ఇనుప పట్టీ కొట్టి ఉంది. కింద మాత్రం "150 ఏళ్ల నాటి బర్మా టేకు, రాజావారి కోటలోది" అని రాశారు. ఏ కోటండీ అని అడిగితే జవాబు రాలేదు.

కిందటి వేసవిలో మా ఊళ్లో ఒక పెంకుటిల్లు పడగొట్టినప్పుడు దాదాపు ఇలాంటి కుర్చీయే 6 వేలకు పోయింది. కొన్నాయన నాకు తెలుసు, నా కళ్లముందే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎవరి వస్తువుకు వాళ్లు ఎంతైనా అడగొచ్చు, అందులో తప్పు లేదు. కానీ తమకు తెలియని వయసు, తెలియని కలప, తెలియని కోట చెప్పి అడగడం తప్పు. పైగా దాని నష్టం ఒక్క ప్రకటనతో పోదు. లక్షా ఇరవై వేలకు ఎనిమిది నెలలుగా అమ్ముడుపోకుండా పడి ఉన్న ప్రకటనను చూసి, ఇంకొకరు తమ కుర్చీకి లక్ష పెడుతున్నారు. అమ్ముడైన ధర ఎవరికీ కనిపించదు, అమ్ముడుపోనిదే అందరికీ కనిపిస్తుంది. మీరేమంటారు?

పాతసామాన్ల షాపు:
టేకుచేవ గారూ, మీరు 6 వేలకు పోయిన కుర్చీ గురించి చెప్పారు. ఆ తర్వాత దానికి అయ్యే ఖర్చు కూడా చెప్పాలి కదండీ. నేను ఈ వ్యాపారంలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. పల్లెలో 6 వేలకు కొన్న కుర్చీని ట్రాలీ ఆటోలో తేవాలి. చెక్కలు ఒకదాంట్లో ఒకటి దిగే కుసులు వదులైతే విప్పి మళ్లీ బిగించాలి. పేము అల్లిక పూర్తిగా తీసేసి కొత్తగా అల్లించాలి, ఆ పని తెలిసినవాళ్లు మా జిల్లాలో ఇద్దరే మిగిలారు. పాత వార్నిష్ గీకి లక్క పాలిష్ పట్టాలి, అది ఒక్కరోజులో అయ్యేది కాదు, పొర మీద పొర వేయాలి. ఇంత చేశాక కొనేవాళ్లు దొరికేదాకా గోడౌన్‌లో పెట్టాలి. కొన్నిసార్లు ఏడాది పడుతుంది. ఆ అద్దె ఎవరు కడతారు?

టేకు ధర కూడా ఊరికే పెరగలేదు. మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. చేవ తేరిన పాత టేకు ఇక పాత ఇళ్లలోనే దొరకాలి. నేను 40 వేలు అడిగితే దురాశ అంటారు. షోరూంలో మూడేళ్లకే ఉబ్బిపోయే చెక్కపొట్టు బోర్డు సోఫాకు 60 వేలు మాట్లాడకుండా కడతారు.

టేకుచేవ:
మీరు చెప్పిన ఖర్చులన్నీ ఒప్పుకుంటాను. ఆ లెక్క ప్రకటనలో రాసి 40 వేలు అడిగితే నేనే కొంటాను. నా గొడవ విరిగిన కాలికి 1,20,000 అడిగి కోట పేరు చెప్పడం గురించే.

బర్మా టేకు మాటకు వస్తే, మన కోస్తాలో అది ఉన్నమాట నిజం. కాకినాడ, విశాఖ నుంచి రంగూన్‌కు ఓడలు నడిచిన రోజుల్లో మనవాళ్లు వేలల్లో అక్కడికి వెళ్లారు, కలప ఇక్కడికి వచ్చింది. కానీ ఆదిలాబాద్ అడవుల్లో, గోదావరి ఏజెన్సీలో కూడా మంచి టేకు ఉంది. వార్నిష్ కొట్టిన కుర్చీని ఫోటోలో చూసి అది ఏ అడవిదో ఎవరూ చెప్పలేరు. అయినా ఈ ప్రకటనల్లో ప్రతి టేకూ బర్మాదే అవుతోంది.

నాన్నబల్ల:
నేను అమ్మే వైపు నుంచి మాట్లాడతాను. నాన్న పోయి రెండేళ్లయింది. ఆయన పనిముట్ల పెట్టె, అమ్మ సింగర్ కుట్టుమిషను అమ్మకానికి పెట్టాను. మిషనుకు 45 వేలు, పెట్టెకు 60 వేలు రాశాను. ఎందుకంత అంటే, అలాంటి వాటికి మిగతావాళ్లు అంతే అడుగుతున్నారు. నాకు వేరే ఎలా తెలుస్తుంది?

పెట్టిన గంటకే మెసేజీలు మొదలయ్యాయి. "లాస్ట్ ప్రైస్ ఎంత?" నమస్కారం లేదు, వస్తువు గురించి ఒక్క ప్రశ్న లేదు. 45 వేలు రాస్తే ఒకాయన 2 వేలకు అడిగాడు. ఇంకొకాయన ఇనుము కిలో లెక్కన తీసుకుంటానన్నాడు. ఎంత రాసినా సగానికి, పావుకు అడుగుతారని తెలిశాక ఎవరైనా రెట్టింపు రాయకుండా ఉంటారా? ధరలు పెంచినవాళ్లం మేమే అంటున్నారు, మాకు ఆ అలవాటు నేర్పింది కొనేవాళ్లే.

లెక్కల మాస్టారు:
నాన్నబల్ల గారు చెప్పినదానికి ఆర్థికశాస్త్రంలో ఒక పేరున్న ప్రయోగం ఉంది. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ 1990లో ప్రచురించారు. ఒక తరగతిలో సగం మంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి, ఎంతకైతే అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్లను ఎంతకైతే కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు అడిగింది కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు. అదీ అప్పుడే చేతికొచ్చిన కప్పుకు! ముప్పై ఏళ్లు నాన్న చేతిలో నలిగిన ఉలికి ఎంత అనిపించాలి? కాబట్టి ఎక్కువ అడిగే ప్రతివాళ్లనూ మోసగాళ్ల కింద కట్టకండి.

వడ్రంగి పని:
పనిముట్ల గురించి నేను చెప్పాలి. మాది వడ్రంగుల కుటుంబం, ముప్పై రెండేళ్లుగా ఇదే పని.

పోయిన నెల ఒక ప్రకటన చూశాను. ఇనుప చిత్రిక, అంటే చెక్కను నునుపు చేసే పనిముట్టు, స్టాన్లీ నాలుగో నంబరు. "1880 బ్రిటిష్ కాలం నాటిది, అరుదైనది, 25,000." ఫోటోలో దాని ఒంటిమీద "మేడ్ ఇన్ ఇంగ్లాండ్" అని అచ్చుపోసి ఉంది. స్టాన్లీ అమెరికా కంపెనీ. ఇంగ్లాండ్‌లో, షెఫీల్డ్‌లో వాళ్లు చిత్రికలు చేయడం మొదలుపెట్టిందే 1930ల్లో. మరి 1880ది ఎలా అవుతుంది? ఇక నాలుగో నంబరు అంటే అన్నిటికన్నా మామూలు సైజు. దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు, ఇప్పటికీ ఎన్నో చోట్ల దొరుకుతాయి.

అలాగని అది చెడ్డ వస్తువు కాదు. నా దగ్గర ఒకటుంది, దాని బ్లేడుకు పదును పెడితే రోజంతా నిలుస్తుంది. కానీ చిత్రిక విలువ వయసులో ఉండదు. అడుగుభాగం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి వెలుగుకు పట్టి చూడాలి, కింద నుంచి వెలుతురు వస్తే అది వంగింది. బ్లేడు బయటికి వచ్చే నోటి దగ్గర పగులు ఉందేమో చూడాలి. ఒకసారి కింద పడిన చిత్రిక అక్కడే పగులుతుంది, అదైతే నేను ఊరికే ఇచ్చినా తీసుకోను. బ్లేడు మధ్యలో ఉండే గాడి కింద ఎంత మిగిలిందో కొలవాలి. అరంగుళమే ఉంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే. ఉలికైతే వెనక వైపు తుప్పు గుంటలు చూడాలి. ముందువైపు ఎంత మెరిసినా, వెనక గుంటలుంటే అంచు తేలదు. ఈ ప్రకటనల్లో ఒక్కదాంట్లో కూడా ఆ ఫోటోలు ఉండవు. దీపం పక్కన పెట్టి, వెనక ఎర్రగుడ్డ వేసి తీసిన ఫోటో ఉంటుంది.

నా బాధ ఇంకొకటి. మా అబ్బాయితోపాటు పని నేర్చుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లున్నారు. వాళ్లకు మంచి ఉక్కు ఉలులు కొనిద్దామని చూస్తే, ఒక్కొక్కటి 5 వేలు అడుగుతున్నారు. కొనేదెవరంటే హోటల్ గోడలకు అలంకారంగా తగిలించేవాళ్లు. గోడకు తగిలించేవాళ్ల రేటు పని చేసుకునేవాడు ఎక్కడ పెట్టగలడు? మా నాన్న చెక్కను చెక్కిన బాడిస చేతికి అందనంత ఎత్తులో, దీపాల మధ్య వేలాడటం నేను ఊహించుకోలేను.

పాతసామాన్ల షాపు:
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ హోటళ్లవాళ్లు కొనకముందు ఆ బాడిసలు ఎక్కడికి పోయేవో గుర్తు తెచ్చుకోండి. పాత ఇనుప సామాన్ల బండికి, కిలో లెక్కన. ధర వచ్చింది కాబట్టే జనం అటకల మీద నుంచి దించి బయటికి తీస్తున్నారు.

ధర ఎక్కువో తక్కువో ముందే ఎవరు చెప్పగలరు? చండీగఢ్ కుర్చీల సంగతి చూడండి. స్విస్ ఆర్కిటెక్ట్ పియర్ జానెరే ఆధ్వర్యంలో ప్రభుత్వ ఆఫీసుల కోసం చేయించిన టేకు కుర్చీలు విరిగితే మిద్దెల మీద పడేశారు, తుక్కు కింద వేలం వేశారు. తర్వాత అవే విదేశీ వేలంపాటల్లో లక్షల రూపాయలకు పోయాయి. తుక్కు రేటుకు కొని దాచుకున్నవాళ్లు ఆ రోజు లక్ష అడిగి ఉంటే, మీరు దాన్ని కూడా అన్యాయమనే అనేవారు.

టేకుచేవ:
చండీగఢ్ ఉదాహరణ నిజానికి నా మాటకే బలం. ఆ కుర్చీలు ఎవరు రూపొందించారో తెలుసు, ఏ భవనానికి చేశారో తెలుసు, చాలావాటి మీద ఆఫీసు గుర్తులు, నంబర్లు తెల్ల రంగుతో రాసి ఉంటాయి. పుట్టుక తెలుసు కాబట్టే ఆ ధర. 2011లో కేంద్ర హోంశాఖ వాటి అమ్మకాలు ఆపమని ఆదేశాలిచ్చింది కూడా అందుకే. "రాజావారి కోటలోది" అని ఊరికే రాసిన కుర్చీకి ఇందులో ఏముంది?

ఇంకో సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టంలో పురావస్తువు కావాలంటే సాధారణంగా నూరేళ్ల వయసు ఉండాలి. వాటిని దేశం బయటికి పంపే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. "150 ఏళ్ల నాటి పురాతన వస్తువు, అమెరికాకైనా పంపిస్తాం" అని ఒకే ప్రకటనలో రాస్తున్నారు. వయసు నిజమైతే పంపడం నేరం కావచ్చు. అబద్ధమైతే కొనేవాణ్ని మోసం చేసినట్టు. రాసేముందు ఇది ఆలోచించాలి.

జగిత్యాల నుంచి గల్ఫ్:
సింగర్ మిషను మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2009లో నేను సౌదీలో ఉన్నా. పాత సింగర్ మిషన్లలో ఎర్ర పాదరసం అనే చాలా ఖరీదైన పదార్థం ఉంటదని ఒక పుకారు లేచింది. సూది దగ్గర సెల్‌ఫోన్ పెడితే లైన్ కట్ అవుతదని, అయితే పాదరసం ఉన్నట్టేనని చెప్పుకునేవాళ్లు. వందల రియాళ్ల మిషన్లకు వేలు, లక్ష దాటి కూడా అడిగిన్రు. మా రూంలో ఒకతను ఊర్లో ఉన్న తల్లికి ఫోన్ చేసి, మిషను ఎవరికీ ఇవ్వద్దని చెప్పిండు. అంతా అబద్ధమని పోలీసులు చెప్పేసరికి ఆలస్యమైంది. మన దగ్గర బియ్యాన్ని లాగే మహిమ ఉందని చెప్పి అమ్మే రైస్ పుల్లింగ్ చెంబుల పేరుతో ఎన్ని కుటుంబాలు మునిగినయో తెలుసు కదా. అడిగే ధరను నమ్మితే ఎక్కడికి పోతదో కళ్లారా చూసిన. ధర అడిగేటోళ్ల ఇష్టం అనే మాటకు ఒక హద్దు ఉండాలె.

టేకుచేవ:
నాన్నబల్ల గారూ, మీ మిషను మీద ఒక చిన్న ఇత్తడి పలకో, ఇనుము మీద చెక్కిన నంబరో ఉంటుంది. అది చూడండి. సింగర్ మిషన్ల నంబర్లను బట్టి ఏ ఏడాదిదో చెప్పే పట్టికలు ఇప్పుడు అందరికీ దొరుకుతాయి. ముందు అక్షరం లేకుండా అంకెలే ఉంటే 1900కు ముందుది. వై అక్షరంతో మొదలైతే 1920, 30ల నాటిది, స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. 1913లో ఆ ఒక్క ఫ్యాక్టరీయే పది లక్షలకు పైగా మిషన్లు చేసింది. వయసు ఉన్నా అరుదు కాదు అనేది అందుకే. తిరుగుతూ కుట్టు వేస్తుంటే మాత్రం దాని విలువ దానికుంది.

నాన్నబల్ల:
నిన్న రాత్రి తుడిచి చూశాను. వైతోనే మొదలవుతోంది. పట్టిక ప్రకారం అమ్మ పుట్టకముందుది. అమ్మమ్మది అయ్యుండాలి, నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నూనె వేసి తిప్పితే కుట్టు పడింది. ఇప్పుడు దాన్ని అమ్మాలని లేదు, ఆ ప్రకటన తీసేశాను.

పనిముట్ల పెట్టె ప్రకటన తిరగరాశాను. నంబరు, కంపెనీ పేరు, తుప్పు ఉన్న చోటు, బ్లేడు స్కేలుతో కొలిచిన ఫోటో అన్నీ పెట్టాను. "ఎప్పుడు కొన్నారో తెలియదు" అని రాశాను. ఉలులు పదకొండు, ఇనుప చిత్రిక ఒకటి, చెక్క చిత్రికలు రెండు, బాడిస, రంపాలు రెండు. మొత్తం 16 వేలు. బేరం లేదు అని కూడా రాశాను. లాస్ట్ ప్రైస్ అని ఇంకా అడుగుతూనే ఉన్నారు.

వడ్రంగి పని:
అమ్మా, ఉలుల వెనక వైపు ఫోటోలు చూశాను. ఎనిమిది బాగున్నాయి, మూడింటికి గుంటలున్నాయి కానీ ఇంకా పని చేస్తాయి. మీరు రాసిన ధరకు తీసుకుంటాను. మీ ఊరికి మాకు రెండు గంటల బస్సు. ఆదివారం కుర్రాళ్లిద్దరినీ వెంట తీసుకుని వస్తాను, వాళ్లే చూసి ఎంచుకుంటారు. పెట్టె బరువుంటుంది, బస్టాండు నుంచి మీ వీధిలోకి ఆటో వస్తుందా?

నాన్నబల్ల:
వస్తుంది, రామాలయం దాకా. అక్కడ నుంచి నాలుగో ఇల్లు. పదిన్నరలోపు రండి, భోజనం ఇక్కడే.