99 శాతం కచ్చితమైన పరీక్షలో పాజిటివ్ వస్తే జబ్బున్నట్టేనా?

ప్రశ్న: వెయ్యి మందిలో ఒకరికి ఉండే జబ్బు. పరీక్ష జబ్బున్నవాళ్లలో 99 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 1 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. అయినా పాజిటివ్ వస్తే జబ్బుండే అవకాశం 9 శాతమే అంటున్నారు. ఎలాగండీ?

జవాబు 1: శాతాలు పక్కనపెట్టి మనుషుల్ని లెక్కపెట్టండి. 10,000 మందిలో జబ్బున్నవాళ్లు 10 మంది, దాదాపు అందరూ దొరుకుతారు. మిగతా 9,990 మందిలో సుమారు 100 మందికి తప్పుడు పాజిటివ్. అంటే 110 పాజిటివ్‌లలో నిజమైనవి 10. ‘జబ్బుంటే పాజిటివ్ రావడం’, ‘పాజిటివ్ వస్తే జబ్బుండడం’ వేర్వేరు ప్రశ్నలు, మనసు రెండింటినీ కలిపేస్తుంది. 1978లో హార్వర్డ్ వైద్యుల్ని, విద్యార్థుల్ని ఇలాంటిదే అడిగితే 60 మందిలో 11 మందే సరిగ్గా చెప్పారు!

జవాబు 2: ఒక సవరణ. ఈ 9 శాతం లక్షణాలేవీ లేనివాళ్లకే. లక్షణాలను బట్టి ముందే పదికి ఒకటి అవకాశం ఉందనుకుంటే, అదే పాజిటివ్ దాదాపు 92 శాతం అవుతుంది.

ప్రశ్న: అదే పరీక్ష మళ్లీ చేయిస్తే?

జవాబు 2: తప్పుకు కారణం రక్తంలోని మరేదో పదార్థమైతే అదే తప్పు మళ్లీ వస్తుంది. వేరే పద్ధతిలో చేసే నిర్ధారణ పరీక్ష అడగండి.