అమెరికా ఖండాలు చుట్టి రావడానికి: బస్సులా, విమానాలా? (ఇద్దరం, 110 రోజులు, 14 వేల యూరోలు)

ఇసార్ ఒడ్డు (మ్యూనిక్)

అందరికీ నమస్కారం. జర్మనీ వచ్చి పదకొండేళ్లయింది. పోయిన ఏడాది జర్మన్ పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఈ సెప్టెంబరు నుంచి నాలుగు నెలలు జీతం లేని సెలవు దొరికింది. స్కూలు అట్లాసులో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగో దాకా వేలితో గీత గీసుకున్న రోజుల నుంచీ ఉన్న కోరిక ఇది.

అనుకున్న దారి: న్యూయార్క్, చికాగో, అక్కణ్నుంచి రైల్లో శాన్ ఆంటోనియో, బస్సులో మెక్సికో. కాన్‌కూన్ నుంచి హవానా వెళ్లి ఓ వారం. తర్వాత గ్వాతెమాలా నుంచి పనామా దాకా కిందికి, ఆపైన కొలంబియా, పెరూ, బొలీవియా. తిరిగి లిమా నుంచి మయామీ మీదుగా ఇంటికి. ఈ చివరి టికెట్టు, మాడ్రిడ్ మీదుగా వచ్చేదానికన్నా ఇద్దరికీ కలిపి 380 యూరోలు తక్కువకి కనిపిస్తోంది.

అంతా నేల మీదే వెళ్లాలా, మధ్యమధ్యలో విమానం ఎక్కాలా? తిరిగొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు బిడ్డ (బెర్లిన్)

అన్నా, నేల మీదనే పో. నేను 2023ల ఏడు నెలలు తిరిగిన, నాది గూడ జర్మన్ పాస్‌పోర్టే. రాత్రి బస్సు ఎక్కినవంటే ఆ రాత్రి రూము పైసలు మిగిలినట్టే. లిమా నుంచి కుస్కో బస్సు 20 గంటల మీదనే. సీటు పూర్తిగ వెనక్కి పడుతది, దుప్పటి ఇస్తరు. తెల్లారేసరికి ఆండీస్ కొండలు కిటికీల ఉంటయి. గ్వాతెమాలాల నాకు రోజుకు 30 యూరోలు దాటలె, బొలీవియాల ఇంకా తక్కువే. హాస్టల్‌ల వంటగది ఉన్నకాడ బియ్యం, 'లెంతేహాస్' కొనుక్కో. అవి మసూర్లే. టమాట, ఎల్లిపాయ ఏసి పప్పు చేసుకుంటే రెండు పూటలు ఎల్తది.

పెరూల కొండమీది పాత నగరం మాచు పిచ్చుకు రైలు ఎక్కకు. హిడ్రోఎలెక్ట్రికా అనే కరెంటు కేంద్రం దాకా వ్యాన్‌ల పోయి, ఆడికెళ్లి పట్టాల పక్కన పది కిలోమీటర్ల చిల్లర నడిస్తే కొండ కింద ఊరు వస్తది. రైలు పైసలతోని ఇంకో నాలుగు రోజులు తిరగొచ్చు.

లిఫీ తీరం (డబ్లిన్)

ఇసార్ గారూ, ఈ సలహా వినే ముందు కాగితం తీసి లెక్క వేయండి. మీకున్నది 110 రోజులు. ఓరుగల్లు గారికి ఏడు నెలలు దొరికింది. మీ దారిలో రెండు ఖండాలున్నాయి. నలభై రోజులు బస్సు సీట్లోనే పోతాయి.

పైగా 'అంతా నేల మీదే' అన్నది మొదటే అబద్ధం. పనామాలో యవీసా దగ్గర రోడ్డు ఆగిపోతుంది. మళ్లీ మొదలయ్యేది కొలంబియాలో. మధ్యలో సుమారు వంద కిలోమీటర్ల డారియెన్ అడవి. దాన్ని దాటడానికి పర్యాటకులు పట్టుకునేది శాన్ బ్లాస్ దీవుల మీదుగా కార్తహేనా వెళ్లే తెరచాప పడవ. నాలుగైదు రోజులు, మనిషికి ఐదారు వందల డాలర్లు. అదే పనామా సిటీ నుంచి విమానమైతే గంటకు కాస్త ఎక్కువ, ముందే కొంటే అందులో మూడో వంతు కూడా ఉండదు. తక్కువ ఖర్చు కావాలనేవాడు అక్కడ విమానమే ఎక్కాలి.

ఓరుగల్లు బిడ్డ

పడవ ఎక్కుమని నేనెక్కడన్న? నేను గూడ విమానమే ఎక్కిన ఆడ. ఒక్క వంద కిలోమీటర్లు చూపెట్టి మిగిలిన దారంతా తప్పంటె ఎట్ల?

కోనసీమ కొబ్బరి (స్టాక్‌హోమ్)

అమెరికాలో పార్కులు చూసే ఆలోచన ఉంటే ఒక మాట. 2026 జనవరి నుంచి విదేశీయులకి నేషనల్ పార్కుల వార్షిక పాస్ 250 డాలర్లు. అమెరికాలో ఉండేవాళ్లకి 80. పాస్ లేకుండా వెళ్తే గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ లాంటి 11 పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనం.

లిఫీ తీరం

అందుకే అమెరికా భాగం మొత్తం తీసేయమంటున్నాను. రైలు పాస్ ఒక్కటే మనిషికి 499 డాలర్లు, 30 రోజుల్లో పది ప్రయాణాలు. హోటల్ రేటు మీద పన్ను, హోటల్లో తిన్నదాని మీద 18, 20 శాతం టిప్పు. న్యూయార్క్‌లో పది రోజుల డబ్బుతో గ్వాతెమాలాలో నెల గడుస్తుంది. నేరుగా మెక్సికో సిటీలో దిగండి.

ఇంకో ప్రమాదం ఎవరూ చూడలేదు. మీరు హవానా వెళ్లాక మయామీ మీదుగా తిరిగొస్తానన్నారు. 2021 జనవరి 12 తర్వాత క్యూబాలో అడుగు పెట్టినవాళ్లకి యూరప్ పాస్‌పోర్టు ఉన్నా ఎస్టా (వీసా లేకుండా అమెరికా వెళ్లడానికి ఆన్‌లైన్లో తీసుకునే అనుమతి) పనిచేయదు. కాన్సులేటుకి వెళ్లి వీసా తీసుకోవాల్సిందే. అమెరికాలో ఊరికే విమానం మారినా సరే, ఇమిగ్రేషన్ దాటాలి. 380 యూరోలు తక్కువని చూసిన ఆ టికెట్టు మిమ్మల్ని లిమాలో ఆపేస్తుంది.

ఇసార్ ఒడ్డు

ఈ సంగతి నాకు తెలియదండీ. వెళ్లేటప్పుడే ఎస్టా తీసుకుని ఉంటాం కదా, రెండేళ్లు చెల్లుతుంది కదా అనుకున్నాను.

లిఫీ తీరం

చెల్లదు. క్యూబా వెళ్లిన రోజునే మీకు ఆ అర్హత పోతుంది, చేతిలో ఉన్న ఎస్టాకి 40 డాలర్లు కట్టి ఉన్నా.

ఓరుగల్లు బిడ్డ

గంత భయపెట్టకుండ్రి. నాకు హవానాల పాస్‌పోర్టు మీద ముద్రనే వెయ్యలె. ఫారంల ఆ ప్రశ్న కాడ 'లేదు' అని కొట్టుడే. ఎవలికి ఎరుక?

లిఫీ తీరం

ఇది చాలా తప్పుడు సలహా. ఒక దేశపు ప్రభుత్వ ఫారంలో అబద్ధం రాయమని కొత్తగా పాస్‌పోర్టు తీసుకున్న మనిషికి చెప్తున్నారు. దొరికితే ఆ ఒక్క ప్రయాణంతో పోదు. అబద్ధం చెప్పి ప్రవేశం కోరినందుకు అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకోవచ్చు. విమాన టికెట్టు, హోటల్ బుకింగు, ఫోన్‌లో ఫోటోలు. వాటిలో ఏ ఒక్కటి చూసినా తెలిసిపోతుంది.

ఓరుగల్లు బిడ్డ

మీరు పోయిన్రా అసలు ఆ దేశాలకు? మొదటి నుంచి చూస్తున్న, ప్రతిదానికి వద్దు, వద్దు. పనామా వద్దు, అమెరికా వద్దు, క్యూబా వద్దు. ఇంట్ల కూసొని వెబ్‌సైట్లు చదివి చెప్పుడు వేరు, పోయి వచ్చుడు వేరు.

లిఫీ తీరం

పోలేదు. పోనివ్వలేదు. అడిగారు కాబట్టి చెప్తాను.

2022లో నేనూ, మా ఆవిడా, ఐదేళ్ల పాపా మెక్సికోకి బయల్దేరాం. నాకూ పాపకీ ఐరిష్ పాస్‌పోర్టులు, మా ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టు, చేతిలో ఐర్లాండ్ రెసిడెన్స్ కార్డు. యూరప్‌లో శాశ్వత నివాసం ఉంటే మెక్సికోకి వీసా అక్కర్లేదని ఇలాంటి చర్చలోనే ఒకాయన రాశాడు. నమ్మాను. నిబంధనలో ఉన్నది 'షెంగెన్ దేశాలు' అన్న మాట, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసుకున్న యూరప్ దేశాలు. ఐర్లాండ్ షెంగెన్‌లో లేదు. చెక్-ఇన్ కౌంటర్లో ఆ అమ్మాయి మూడుసార్లు స్క్రీన్ చూసి, 'మీరిద్దరూ వెళ్లొచ్చు, ఆవిడ వెళ్లకూడదు' అంది. పాప అప్పటికే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతోంది. మా ఆవిడ కళ్లనీళ్లు కనబడకూడదని పాపకి జడ వేయడం మొదలుపెట్టింది, అక్కడే, క్యూ పక్కన నిలబడి. ముగ్గురం ఇంటికొచ్చేశాం. మూడు టికెట్ల డబ్బూ పోయింది. ఆ మనిషి సలహా రాసేసి ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు.

అందుకే 'ఎవరికి తెలుస్తుంది' అన్న మాట నేను చదవలేను.

కోనసీమ కొబ్బరి

అయ్యో. చదువుతుంటే కడుపులో దేవినట్టయింది, లిఫీ గారూ.

ఓరుగల్లు బిడ్డ

అన్నా, అట్ల అడిగినందుకు తప్పయింది.

నేను గూడ ఒకటి చెప్త. నేను 'లేదు' అని కొట్టలె. నిజమే రాసిన. మా అక్క డాలస్‌ల ఉంటది. పోయిన ఏడాది ఎండకాలం మా కోడలు పిల్ల హాఫ్ శారీ ఫంక్షన్. మేనమామను నేనే, బట్టలు పెట్టాల్సింది నేనే. ఎస్టా ఫారంల క్యూబా కాడ 'అవును' అని కొట్టిన, కుదరదని వచ్చింది. వీసాకు పెట్టిన, ఇంటర్వ్యూ తేదీ ఫంక్షన్ అయినంక మూడు వారాలకు ఇచ్చిన్రు. పెద్దనాన్న కొడుకు నా జాగల నిలబడి చీర పెట్టిండు, నేను బెర్లిన్‌ల ఫోన్‌ల చూసిన. నిజం చెప్పినందుకు నాకు మిగిలింది అదే. హవానాల ఉన్నది ఆరు రోజులు.

అందుకే అట్ల రాసిన. ఇంకొకల్లు నా లెక్క ఇరుక్కోవద్దని. అబద్ధం రాయుమనుడు మంచి సలహా కాదు, వాపస్ తీసుకుంటున్న.

తులిప్ తోట (ఐండ్‌హోవెన్)

ఇసార్ గారూ, మొదటి పోస్టులో 'ఇద్దరం' అన్నారు. జర్మన్ పాస్‌పోర్టు 'చేతికొచ్చింది' అన్నది ఒక్కరి గురించే. మీ ఇంట్లో ఆవిడది ఏ పాస్‌పోర్టు?

ఇసార్ ఒడ్డు

ఇండియన్. జర్మన్ శాశ్వత నివాసం ఉంది. ఆమె మార్చుకోలేదు. వాళ్ల నాన్నగారికి ఆరోగ్యం బాగుండదు, ఏ అర్ధరాత్రి ఫోనొచ్చినా ఒక్క కాగితం చూసుకోకుండా విమానం ఎక్కాలంటుంది. ఓసీఐ (వేరే దేశ పౌరులైన భారతీయులకి ఇండియా ఇచ్చే కార్డు) ఉంటే సరిపోతుందని నేనంటే, 'సరిపోవచ్చు, కానీ నాకు మనసు ఒప్పదు' అంటుంది.

నిజం చెప్పాలంటే ఈ దారి మొత్తం నా పాస్‌పోర్టు పెట్టుకుని గీశాను. ఆమె వీసాలు తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

తులిప్ తోట

అయితే బస్సా విమానమా అన్నది రెండో ప్రశ్న. నేను ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఒక్కదాన్నే మెక్సికో, కొలంబియా, పెరూ తిరిగి వచ్చాను, కాబట్టి నా మాట వినండి.

మొదట ఆవిడకి అమెరికా బీ1/బీ2 (పర్యాటక) వీసా ప్రయత్నం మొదలుపెట్టండి. 2025 సెప్టెంబరు నుంచి దాదాపు అందరికీ ఇంటర్వ్యూ తప్పనిసరి చేశారు, అదీ సొంత దేశంలోనో నివసించే దేశంలోనో. ఆవిడ జర్మనీలోనే వెళ్లొచ్చు. ఆ వీసా అమెరికాకి మాత్రమే అనుకోకండి. అది ఉంటే మెక్సికో, కొలంబియా, పెరూకి విడిగా వీసా అడగరు. పనామాకీ పనికొస్తుంది, కానీ ముందు ఒక్కసారైనా ఆ వీసా మీద అమెరికా వెళ్లి ఉండాలి. అర్జెంటీనా కూడా 2025 ఆగస్టులో అమెరికా వీసా ఉన్న భారతీయులకి సడలింపు ఇచ్చింది. ఒక్క ముద్ర, అయిదు దేశాలు. అది రాకపోయినా జర్మన్ శాశ్వత నివాసం మెక్సికోకి పనికొస్తుంది (లిఫీ గారి ఇంట్లో ఉన్నది ఐర్లాండ్‌ది, షెంగెన్‌ది కాదు, అందుకే పనికిరాలేదు). బ్రెజిల్‌కి మాత్రం మీరు ఊరికే వెళ్తారు, ఆవిడకి వీసా కావాలి. మీ దారిలో లేదు కాబట్టి అటు పోకండి. బొలీవియాకి విడిగా వాళ్ల కాన్సులేటులో అడగండి. ప్రతి దేశం నిబంధననీ టికెట్టు కొనే వారం మళ్లీ చూడండి, ఇవి మారుతూనే ఉంటాయి.

క్యూబా సంగతీ చెప్తాను. ఆ నిషేధం వీసా అక్కర్లేని పాస్‌పోర్టుల మీద. ఆవిడ బీ వీసా మీద వెళ్తారు కాబట్టి హవానా నుంచి మయామీలో దిగినా ఎస్టా గొడవే ఉండదు. అక్కడ ఆగిపోయేది మీరు.

రాత్రి బస్సుల గురించి ఓరుగల్లు గారు చెప్పింది ఆయన వరకూ నిజం. ఒంటరి ఆడదానిగా నేను పెరూలో రాత్రి బస్సు ఎక్కాను, పేరున్న కంపెనీ, కింది అంతస్తు సీటు. ఎక్కేముందు టెర్మినల్లో మన వీడియో తీస్తారు. మిగిలినచోట్ల పగలే ప్రయాణించాను. సంచి కాళ్ల మధ్య పెట్టుకోకూడదు, ఒళ్లో పెట్టుకోవాలి. ఏ రాత్రి ఎక్కాలో ఆవిడ్ని నిర్ణయించనివ్వండి.

లిఫీ తీరం

తులిప్ గారు చెప్పినదానికి ఒక్కటే కలుపుతాను. ఆవిడ కాగితాలన్నీ వచ్చేదాకా ఒక్క టికెట్టూ కొనొద్దు. ఎంత చౌకగా కనబడినా.

ఓరుగల్లు బిడ్డ

ఆ మాట నిజమే. కానీ బస్సుల మీద నా మాట నాదే అన్నా. సెప్టెంబరుకు ఇంకా టైముంది.

ఇసార్ ఒడ్డు

రాత్రి ఇద్దరం కూర్చుని ఈ చర్చంతా మొదటి నుంచి చదివాం. లిఫీ గారు రాసిన జడ దగ్గర ఆమె కాసేపు ఆగిపోయింది. తర్వాత ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, దారి తానే గీసింది.

అమెరికా తీసేసింది. వీసాకి మాత్రం పెట్టమంది. వస్తే కిందికి దారి తెరుచుకుంటుంది, రాకపోతే మెక్సికోలోనే రెండు నెలలు ఉండి తిరిగొద్దామంది. నవంబరు ఒకటి, రెండు తేదీల్లో వాహాకాలో ఉండాలట, చనిపోయినవాళ్ల పండుగకి. సమాధుల మీద బంతిపూలు పరుస్తారని ఎక్కడో చదివింది, వాళ్ల అమ్మ పోయిన నెల నవంబరే. కొలంబియాకి విమానం. పెరూలో పగటి బస్సులు, లిమా నుంచి కుస్కో ఒక్కటీ రాత్రిది. పట్టాల పక్క నడక ఆమెకి బాగా నచ్చింది, ఓరుగల్లు గారూ. తిరిగి లిమా నుంచి మాడ్రిడ్. 380 యూరోలు పోతే పోయాయి.

హవానా నేను వదిలేశాను. మనసులో కొంచెం ముల్లులా ఉంది, కానీ అమెరికాలో మా తమ్ముడున్నాడు.

ఓరుగల్లు బిడ్డ

కుస్కో బస్సుకు పైఅంతస్తు ముందటి సీట్లు తీసుకోండ్రి, ఆండీస్ మొత్తం అద్దంల కనబడుతది.

తులిప్ తోట

కింది అంతస్తు. మలుపుల్లో పైన కడుపు తిప్పుతుంది. ఇద్దరూ ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి పది రోజులకి ముందే వేయించుకోండి, టీకా వేసినట్టు రాసిచ్చే ఆ పసుపు పుస్తకం పాస్‌పోర్టులతోనే పెట్టుకోండి.