గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపితే గుయ్య్ మని మోత: ఛార్జర్ పీకితే సగం తగ్గుతోంది, మిగతా సగం ఎక్కడిది?

కిక్‌రాడ్ (ప్రశ్న):

ముందు సెటప్ చెప్తా. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే ఒంటి వైరు చుట్టలు) ఉన్న స్ట్రాట్ తరహా గిటార్, 5 మీటర్ల కేబుల్, గిటార్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి అందించే రెండు ఇన్‌పుట్ల యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, లినక్స్ ల్యాప్‌టాప్ (శబ్దాన్ని నడిపించే పైప్‌వైర్, ఆంప్‌లా పనిచేసే గిటారిక్స్ సాఫ్ట్‌వేర్), చివర్లో రెండు పవర్డ్ స్పీకర్లు. క్లీన్ టోన్‌లో పర్లేదు. డిస్టార్షన్ వేశానంటే మాత్రం మీటకపోయినా గుయ్య్ మంటూనే ఉంటుంది.

తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. ఛార్జర్ పీకేస్తే దాదాపు సగానికి పడిపోతుంది. కుర్చీలో పక్కకి తిరిగితే మోత మారుతుంది. ఛార్జర్ రెండు పిన్నులది. బైక్ వైరింగ్ కోసం కొన్న మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, క్రింపింగ్ ప్లయర్ ఉన్నాయి. షాపులో అడిగితే నాయిస్ గేట్ పెడల్ కొనమన్నారు. కొనాలా?

ఇంకో సంగతి. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో పోగుచేసుకునే శాంపిళ్ల సంఖ్య) 128కి దించితే టపటపమని చప్పుళ్లు, 512 పెడితే మీటాక కాస్త ఆగి వినిపిస్తోంది.

ఆరోతీగ:

గేట్ ఇప్పుడే వద్దండి. అది మీరు వాయించనప్పుడు తలుపు మూస్తుంది, అంతే. మీటగానే తలుపు తెరుచుకుంటుంది, స్వరంతో పాటు మోతా వచ్చేస్తుంది. పైగా సాగదీసిన స్వరం చివర తోక కత్తిరించినట్టు తెగుతుంది.

మీరు రాసింది చూస్తే అక్కడున్నది ఒక మోత కాదు, రెండో మూడో కలిసి ఉన్నాయి. విడదీయండి. గిటార్ వాల్యూమ్ నాబ్ సున్నాకి తిప్పండి. సున్నాలో అవుట్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది కాబట్టి పికప్‌లు పట్టిన చెత్తంతా పోవాలి. అప్పటికీ మోత ఉంటే అది కేబుల్ నుంచి ఇవతలిది. తర్వాత స్పీకర్ల కేబుళ్లు పీకేసి, హెడ్‌ఫోన్లు ఇంటర్‌ఫేస్‌కే పెట్టి వినండి. హెడ్‌ఫోన్లలో లేనిది స్పీకర్లలో ఉందంటే గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు రెండు దారుల్లో గ్రౌండ్‌కి కలిసి ఏర్పడే వలయం. ఈ రెండూ ఛార్జర్‌తో ఒకసారి, ఛార్జర్ లేకుండా ఒకసారి చేయండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే మళ్లీ మొదటికే వస్తారు.

మోత కరెంటుదో కాదో ట్యూనర్ చెప్పేస్తుంది. మన సప్లై 50 హెర్ట్జ్, మోతలో ఎక్కువగా వినబడేది దాని రెట్టింపు 100. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జీ స్వరం 98. కాబట్టి ట్యూనర్ జీ చూపించి ముల్లు 35 సెంట్లు (పక్క ఫ్రెట్‌కి మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పైన నిలిచిపోతే అది కరెంటు మోతే. 1000 హెర్ట్జ్ దగ్గర సన్నటి కీచు అయితే యూఎస్‌బీది. మౌస్ కదిపినప్పుడల్లా మారే గరగర అయితే ల్యాప్‌టాప్ లోపలి పవర్‌ది, దానికి ముందు పోర్ట్ మార్చి చూడాలి.

చెయ్యి వేస్తే తగ్గడం మంచి గుర్తే. తీగలు బ్రిడ్జ్ మీదుగా గ్రౌండ్‌కి కలిసి ఉన్నాయన్నమాట. మోతని మోసుకొచ్చే యాంటెన్నాల్లో మీ ఒళ్లు ఒకటి. తీగ తాకగానే అది గ్రౌండైపోతుంది. తాకితే పెరిగితేనే అనుమానించాలి, జాక్ దగ్గర రెండు వైర్లు తారుమారై ఉంటాయి.

తిరిగితే మారేది వేరే జాతి. అది అయస్కాంత క్షేత్రం, సింగిల్ కాయిల్ ఉన్నచోట తప్పదు. పికప్‌లు మార్చే ఐదు స్థానాల సెలెక్టర్‌ని 2, 4 స్థానాల్లో పెట్టి చూడండి. నడిమి పికప్ తిరగచుట్టినది అయితే ఆ రెండు చోట్లా మోత చచ్చిపోతుంది.

బేరింగ్‌బాబు:

ఇంత తతంగం ఎందుకు బ్రో. స్పీకర్ల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసెయ్, లేదా టేప్ చుట్టు. లూప్ పోతుంది, రూపాయి ఖర్చు లేదు.

ఫ్యూజ్‌వైర్:

పై సలహా ఎవరూ పాటించకండి. మోత పోవచ్చు, కాదనను. కానీ రేపు స్పీకర్ లోపల ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలిందనుకోండి. ఆ 230 వోల్టులు కేబుల్ షీల్డ్ పట్టుకుని ఇంటర్‌ఫేస్‌కి, అక్కడి నుంచి గిటార్ తీగలకి, తీగల నుంచి వేళ్లకి వస్తాయి. ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకున్నవాడు ఎర్త్ వైరు పట్టుకుని కూర్చున్నట్టే లెక్క.

కిక్‌రాడ్ గారూ, మీ సగం మోతకి కారణం ఆ రెండు పిన్నుల ఛార్జరే. రేడియో గోల తగ్గించడానికి అందులో కరెంటు వైపుకీ అవుట్‌పుట్ వైపుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. మూడో పిన్ను లేకపోవడంతో ల్యాప్‌టాప్ గ్రౌండ్ ఎక్కడా ఆనక, సప్లైలో సగం వోల్టేజ్ దగ్గర తేలుతుంది. మెటల్ బాడీ మీద మోచెయ్యి రాస్తే చిమచిమలాడేది అందుకే. మీటర్ పెడితే వంద వోల్టుల దాకా చూపించొచ్చు. పారే కరెంటు బహు తక్కువ కాబట్టి ప్రమాదం లేదు, కానీ మీ గిటార్ గ్రౌండ్ మొత్తం ఆ వంద మీద ఊగుతోంది. అదే వోల్టేజ్, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ సైజున్న మూడు పిన్నుల ఛార్జర్ తెచ్చుకోండి.

తెచ్చాక సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూడాలి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరే ఉండదు. ఎదురుగా నిలబడి చూస్తే పైన లావు రంధ్రం ఎర్త్, కుడిది ఫేజ్, ఎడమది న్యూట్రల్. మీటర్‌ని ఏసీ పెద్ద రేంజ్‌లో పెట్టి, వేళ్లు ప్రోబ్ ప్లాస్టిక్ దాటకుండా కొలవండి. ఫేజ్-న్యూట్రల్ 230 చుట్టూ, ఫేజ్-ఎర్త్ దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఫేజ్-ఎర్త్ 80, 120 అంటూ నిలకడ లేకుండా ఉంటే ఎర్త్ తెగి ఉంది.

న్యూట్రల్-ఎర్త్ ఎంత లోడ్ వేసినా కచ్చితంగా 0.0 చూపిస్తే సంబరపడకండి. కొందరు పనివాళ్లు సాకెట్ వెనకే ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేస్తారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ప్లగ్గు పెట్టిన ప్రతి మెటల్ బాడీ మీదకీ ఫేజ్ వస్తుంది. డిజిటల్ మీటర్‌కి ఎర్త్ బలం తెలియదు, వోల్టేజ్ మాత్రమే తెలుస్తుంది. అనుమానం ఉంటే ఎర్త్ టెస్టర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌నే పిలవాలి. ఉప్పు, బొగ్గు వేసిన పాతకాలం ఎర్తింగ్ గుంత అయితే మే నెలలో ఎండిపోయి రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాని గరాటులో అప్పుడప్పుడూ నీళ్లు పోయాలి.

బైక్ వైరింగ్ చేసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఫ్రేమ్‌కి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు పడితే ఇండికేటర్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్ మినుకుతుంది చూడండి, అదే రోగం.

లూప్ ఉంటే ల్యాప్‌టాప్, స్పీకర్లు ఒకే స్పైక్ బస్టర్‌కి పెట్టండి, ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి మూడు కండక్టర్ల బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయండి. చాలావరకు అక్కడితో సరి. ఇంకా మిగిలితే స్పీకర్ కేబుల్ మధ్యలో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్.

ఫ్యాన్ రెగ్యులేటర్ కూడా చూసుకోండి. సన్నగా తిరుగుతూ పోయే ఎలక్ట్రానిక్ డిమ్మర్ రకం కరెంటు అలని ముక్కలు చేస్తుంది. గుయ్య్ కాకుండా బర్ర్ మంటే దాని పనే. టక్ టక్ మని ఐదు మెట్లుండే కెపాసిటర్ రకంతో ఈ బాధ లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్లగానే బర్ర్ పెరిగితే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, గిటార్ వైపు ఎంత పనిచేసినా ఫలితం ఉండదు.

కిక్‌రాడ్:

కొలిచాను. ఫేజ్-ఎర్త్ 228, న్యూట్రల్-ఎర్త్ 1.4, కెటిల్ ఆన్ చేస్తే 2.1. గిటార్ వాల్యూమ్ సున్నాలో హెడ్‌ఫోన్లు నిశ్శబ్దం, స్పీకర్లలో ఛార్జర్ ఉన్నప్పుడు కొంచెం మిగిలింది. 2, 4 స్థానాల్లో గుయ్య్ పోయింది కానీ బర్ర్ ఉంది. ఫ్యాన్ ఆపితే అదీ సగమైంది. రెగ్యులేటర్, ఛార్జర్ మారుస్తా. గిటార్ లోపల రాగి రేకు అంటించడం పనిచేస్తుందా? యూఎస్‌బీ ఐసోలేటర్ అని ఒకటి కనబడుతోంది, అదో?

టెర్మినల్:

ఐసోలేటర్ అంటే ల్యాప్‌టాప్‌కీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య గ్రౌండ్‌ని విడదీసేది. కొనేముందు లోపలి చిప్ చూడండి. చవగ్గా దొరికే చాలావాటిలో ఉండేది ఏడీయూఎం 3160. అది సెకనుకి 12 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌లు ఎక్కువగా 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2 మీద నడిచేవి, దానికి తగిలిస్తే చాలావరకు సరిగా పనిచేయవు. 480కి పనిచేసేవి ఉన్నాయి, ధర ఎక్కువ. ఛార్జర్ మార్చాక మీకు అవసరం రాదనుకుంటా.

బఫర్ లెక్క: సెకనుకి 48000 శాంపిళ్ల దగ్గర 128 అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 512 అంటే 10.7. ఇది ఒకవైపుది. రానూ పోనూ కలిపితే రెట్టింపు, పైన ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం. 5.3 మిల్లీసెకన్లలో శబ్దం 1.8 మీటర్లు వెళ్తుంది. అంటే ఆంప్ నుంచి ఆరడుగులు వెనక్కి జరిగితే పడే తేడా కంటే పెద్దేం కాదు. 256 దగ్గర స్థిరపడండి, 128 కోసం ప్రాణం పెట్టక్కర్లేదు.

ఆ టపటపలకి మొదటి అనుమానం సీపీయూ గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్). పవర్‌సేవ్‌లో ఉంటే పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. తర్వాత పైప్‌వైర్‌కి రియల్‌టైమ్ ప్రాధాన్యం దక్కుతోందా లేదా చూడండి, దక్కకపోతే బ్రౌజర్ ట్యాబ్ తెరిచినప్పుడల్లా టప్ మంటుంది. కార్డ్ ప్రొఫైల్ ప్రో ఆడియోకి మార్చి, శాంపిల్ రేట్ 48000 దగ్గర కదలకుండా పెట్టండి. హబ్ మీద కాకుండా నేరుగా పోర్ట్‌కి తగిలించండి. వైఫై ఆపి చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో దాని డ్రైవరే దొంగ. గిటారిక్స్‌లో క్యాబినెట్ కన్వాల్యూషన్ (స్పీకర్ డబ్బా శబ్దాన్ని అనుకరించే భాగం) ఒకసారి ఆపితే బరువు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ (కంప్యూటర్‌కి పోకుండానే గిటార్‌ని నేరుగా వినిపించేది) ఆపారా? ఆపకపోతే పచ్చి గిటార్, గిటారిక్స్ శబ్దం రెండూ వినిపించి లేని ఆలస్యం కూడా ఉన్నట్టుంటుంది. ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి ఉండాలి. అప్పుడే ఇన్‌పుట్ ఇంపీడెన్స్ మెగా ఓమ్ చుట్టూ ఉంటుంది, లేకపోతే సింగిల్ కాయిల్ గలగల పోయి దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. గెయిన్ ఎంత గట్టిగా బాదినా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టుకోండి.

ఆరోతీగ:

రేకు పనిచేస్తుంది, కానీ బర్ర్ మీదే. 1, 3, 5 స్థానాల్లో తిరిగితే మారే గుయ్య్ మీద దాని ప్రభావం ఉండదు, అయస్కాంతానికి రాగి రేకు అడ్డం కాదు. దానికి రెండు కాయిల్స్ పేర్చిన నాయిస్‌లెస్ పికప్‌లు వేసుకోవాలి, లేదా ఛార్జర్ ఇటుక నుంచి మీటరున్నర దూరం జరిగి మోత తగ్గే వైపు తిరిగి కూర్చోవాలి. రెండోది ఉచితం.

జిగురు కూడా కరెంటు పారించే రాగి టేపు, 50 మిల్లీమీటర్ల వెడల్పుది, 3 మీటర్లు తీసుకోండి. తీగలు విప్పి, పిక్‌గార్డ్ స్క్రూలు తీయండి (సాధారణంగా 11, కొన్నింటికి 8). ఎత్తేముందు వైరింగ్ ఫోటో తీసుకోండి. జాక్‌కి వెళ్లే రెండు, వెనక స్ప్రింగ్ క్లాకి (బ్రిడ్జ్ స్ప్రింగులు పట్టుకునే ఇనుప పట్టీ) వెళ్లే ఒకటి, ఈ మూడు వైర్లు విప్పితే పిక్‌గార్డ్ చేతిలోకి వస్తుంది. పికప్‌లు, వైరింగ్ కూర్చునే గుంత గోడలు, అడుగు అంతా అంటించండి. ఒక ముక్క మీద ఇంకో ముక్క 5 మిల్లీమీటర్లయినా ఎక్కాలి. ఒకచోట నాలుకలా రేకుని గుంత అంచు దాటించి స్క్రూ రంధ్రం మీదకి తేవాలి, పిక్‌గార్డ్ వెనక అంటించిన రేకు అక్కడ దానికి ఆనుతుంది. ఆ నాలుక మర్చిపోతే పైరేకు గాల్లో ఉండి కొత్త యాంటెన్నా అవుతుంది. అయ్యాక ఒక మూల నుంచి ఇంకో మూలకి మీటర్ పెడితే 1 ఓమ్ లోపు రావాలి. మీటర్ ప్రోబులు రెండూ కలిపితే వచ్చేదాన్ని ముందే తీసేయండి. రాకపోతే జిగురు మోసం, అతుకుల మీద అక్కడక్కడా సోల్డర్ చుక్క పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది జాక్ గుంతలో. ప్లగ్ దూర్చగానే జాక్ రేకు బయటికి వంగి గోడ రాగికి తగులుతుంది. అంతే, బొత్తిగా శబ్దం రాదు. ప్లగ్ లేకుండా పరీక్షిస్తే దొరకదు. ఆ గోడకీ, సెలెక్టర్ స్విచ్ కాళ్లు ఆనుకునే గోడకీ రాగి మీద ఇన్సులేషన్ టేప్ వేయండి.

25 వాట్ల ఐరన్ జాక్‌కి చాలు, పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే కంట్రోల్) వెనక వీపుకి చాలదు. ఆ డబ్బా వేడంతా లాగేస్తుంటే మీరు పదిహేను సెకన్లు పట్టుకుంటారు, లోపల కార్బన్ ట్రాక్ మాడి నాబ్ తిప్పినప్పుడల్లా గరగరమంటుంది. 60 వాట్లు, వెడల్పు మొన. గరుకు కాగితంతో గీకి, రోజిన్ ఫ్లక్స్ రాసి, 60/40 సోల్డర్‌తో మూడు సెకన్లలో ముగించండి. రేకులు అతికే యాసిడ్ ఫ్లక్స్ దగ్గరికి కూడా రానివ్వకండి, ఆరు నెలల్లో పచ్చగా తినేస్తుంది.

కిక్‌రాడ్:

60 వాట్లది అరువు దొరుకుతుంది. స్ప్రింగ్ క్లా మీద పాత సోల్డర్ ఇప్పటికే వదులుగా ఉంది, ముట్టుకుంటే ఊడేలా ఉంది. అంత లావు ఇనుముకి 60 సరిపోతుందా?

ఫ్యూజ్‌వైర్:

కష్టమే, స్క్రూల వెంట వేడి చెక్కలోకి పోతుంది. సోల్డర్ వదిలేయండి. బైక్ బ్యాటరీకి వాడే రింగ్ టెర్మినల్ వైరుకి క్రింప్ చేయండి. క్లా స్క్రూ ఎన్ని చుట్లు బయటికి తిప్పారో లెక్కపెట్టుకుని, తల కింద రింగ్ పెట్టి అన్నే చుట్లు బిగించండి, లేకపోతే ట్రెమొలో బ్రిడ్జ్ ఎత్తు మారి శ్రుతి తేలిపోతుంది. రింగ్ ఆనేచోట పెయింట్ ఉంటే గీకండి. చివరగా తీగ నుంచి జాక్ బయటి భాగానికి మీటర్ పెట్టి చూసుకోండి, 2 ఓమ్‌ల లోపు వస్తే మూత బిగించేయొచ్చు.