ఫారంలోని జాతి గడిలో గుర్తు మారితే అది నిలకడలేమి అవుతుందా?

కృష్ణాతీరం:
అమెరికాలో వేర్వేరు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు తమ జాతిని ఒకసారి రాసినట్టు మరోసారి రాయడం లేదు. 1994-95లో బడిపిల్లలతో మొదలై, వారు పెద్దయ్యాక కూడా సాగిన యాడ్ హెల్త్ సర్వే జవాబులను పరిశీలించిన హిట్లిన్, బ్రౌన్, ఎల్డర్ అనే పరిశోధకులు, మిశ్రమ జాతి యువతలో రెండుసార్లూ అదే గుర్తింపు చెప్పినవారికంటే మార్చి చెప్పినవారు సుమారు నాలుగు రెట్లని 2006లో ప్రకటించారు. వివక్షను తేల్చడానికి ఈ లెక్కలే ఆధారమైనప్పుడు, ఇలా మారే జవాబును ఎంతవరకు నమ్మవచ్చు?

మంజీర:
కృష్ణాతీరం గారూ, జవాబు మారడానికి ఏళ్లు గడవనక్కరలేదు. అదే సర్వేలో ఒకటికన్నా ఎక్కువ జాతులు చెప్పినవారు బడిలో 6.8 శాతం, ఇంట్లో 3.6 శాతం, రెండుచోట్లా చెప్పినవారు 1.6 శాతమేనని హ్యారిస్, సిమ్ 2002లో చూపారు. బడిలో కాగితంపై తానే రాసుకున్న పిల్ల ఇంటికి వచ్చిన సర్వేయరు ఎదుట నోటితో చెప్పవలసి వచ్చింది.

మా అక్క కూతురి తండ్రి నల్లజాతివారు. చిన్నప్పుడు ఆ పిల్ల ఫారాలు అక్కే నింపేది, తల్లి జాతి, తండ్రి జాతి గడులు రెండూ గుర్తించేది. కాలేజీకి వెళ్లాక, దుకాణంలో కాపలావాడు తన వెనకాలే నడవడం మొదలయ్యాక, అమ్మాయి నల్లజాతి గడి ఒక్కటే గుర్తించింది. అప్పుడు అక్క చాలా బాధపడింది. మా అమ్మ చనిపోయిన ఏడాది ఆ అమ్మాయి మళ్లీ రెండూ గుర్తించింది. ఈ జవాబుల్లో అబద్ధమైనది ఏదో నాకు కనబడడం లేదు.

కృష్ణాతీరం:
అబద్ధమని నేననలేదండీ. అయితే 2010లో 90 లక్షలున్న మిశ్రమ జాతి జనం 2020 జనగణనలో 3 కోట్ల 38 లక్షలయ్యారు. ప్రశ్నను, జవాబులను నమోదుచేసే పద్ధతిని మార్చడమే ఇందుకు చాలావరకు కారణమని జనగణన శాఖే చెప్పింది. ఫారం మారితేనే అంకె ఇంతగా మారినప్పుడు, పాలకులు దేన్ని పట్టుకుని నడవాలి?

మంజీర:
అందుకే రెండు ప్రశ్నలు వేరుగా అడగాలంటున్నాను: నిన్ను నువ్వు ఏమనుకుంటావు, వీధిలో నిన్ను చూసినవారు ఏమనుకుంటారు? వివక్ష లెక్కకు రెండోది కావాలి. శ్వేతజాతి తల్లికి పుట్టిన ఒబామా 2010 జనగణనలో నల్లజాతి గడి ఒక్కటే గుర్తించారు. అది ఆయన ఎంపిక. మొదటి ప్రశ్నకు ఎన్నిసార్లు జవాబు మార్చినా, ఆ హక్కు మా అమ్మాయిదే.