సిరొంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) వైపు వానలు నిజంగా మారాయా, మనకే అలా అనిపిస్తోందా?

పత్తిచేను:
నిన్న చాయ్ హోటల్ దగ్గర మొదలైన గొడవ ఇక్కడికి తెస్తున్నా, తెలిసినవాళ్లు చెప్పండి. మా చిన్నాయన ఒకటే మాట, "వానలు ఎప్పుడూ ఇంతే, 86 వరదప్పుడు నువ్వు పుట్టనే లేదు" అని. నా మాట వేరే. చిన్నప్పుడు పుష్యమి కార్తెలో ముసురు పట్టిందంటే వారం దాకా సూర్యుడు కనిపించేవాడు కాదు, సన్నగా పడుతూనే ఉండేది, భూమి తాగేది. ఇప్పుడు పదిహేను రోజులు ఎండ, పత్తి మొక్క తల వాలేస్తుంది, ఆ తర్వాత ఒక్క పూటలో కుండపోత.

పోయినేడాది జులైలో తెల్లారుజామున ఐదింటికి మొదలైన వాన పదకొండింటి దాకా ఆగలేదు. నాలుగెకరాల చేను జాలు పట్టింది. మూడో రోజు మొక్క పీకి చూస్తే వేరు గోధుమరంగులోకి తిరిగి, చేత్తో రాస్తే తొక్క ఊడొచ్చింది. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గరికి పోతే మన రెవెన్యూ సర్కిల్‌లో అతివృష్టి కాలేదు, పంచనామా (పంట నష్టం రాసుకోవడం) లేదు అన్నారు. ఒక రోజు 41 మిల్లీమీటర్లు, మర్నాడు 52 అట. ఒక రోజులో 65 దాటితేనే అతివృష్టి, అప్పుడే పరిహారం. ఆరు గంటల్లో పడ్డ ఒకే వాన రెండు రోజుల వాన ఎట్లయింది సార్లూ?

సరే, అది నా ఏడుపు. అసలు ప్రశ్న టైటిల్లో ఉంది.

లెక్కల_సార్_అహేరి:
మీ చిన్నాయన తీసిపారేయాల్సిన మనిషి కాదు తమ్ముడూ. మన పక్క నుంచి పోయే నీళ్లే కదా భద్రాచలం చేరేది, అక్కడి గోదావరి మట్టాలు చూడు. 1953లో 72.5 అడుగులు. 1986 ఆగస్టులో 75.6, ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71.3 వస్తే ప్రళయం అన్నాం. 1953లో ఎన్ని కార్లున్నాయి, ఎన్ని కార్ఖానాలున్నాయి? ప్రకృతిలో ఎక్కువ తక్కువలు ఎప్పుడూ ఉంటాయి. మనిషి జ్ఞాపకం ముప్పై ఏళ్లది, రుతుపవనాల ఊగిసలాట అంతకంటే పెద్దది.

గోదారి_గట్టు:
మీరిద్దరూ ఆకాశం వైపే చూస్తున్నారు. కింద బ్యారేజీ గేట్ల సంగతి ఎవరూ అడగరేం? మా ఊళ్లో చుక్క వాన లేని రోజు కూడా వెనక్కి తన్నిన నీళ్లు మిర్చి చేలల్లోకి వచ్చాయి.

పత్తిచేను:
@గోదారి_గట్టు అన్నా, మీది ఏటి ఒడ్డు, మీ బాధ వేరు. మా చేను ఏటికి ఎనిమిది కిలోమీటర్ల దూరం, మిట్ట మీద. అక్కడికి ఏ గేటు నీళ్లూ రావు, మీద పడ్డ నీళ్లే. దానికి ఇంకో థ్రెడ్ పెట్టండి, నేనూ వస్తా.

నిజం_తెలుసుకో:
2022లో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి భద్రాచలంలోనే అన్నారు కదా, క్లౌడ్ బరస్ట్ వెనక విదేశీ కుట్ర ఉందేమోనని. ఎవరూ పట్టించుకోలేదు.

నాగ్‌పూర్_చెల్లి:
పట్టించుకునేంత ఏమీ లేదు కనుకే. క్లౌడ్ బరస్ట్ అంటే చిన్న చోట, ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్లలో, గంటకు 100 మిల్లీమీటర్ల లెక్కన పడే వాన. 2022లో మొత్తం గోదావరి బేసిన్ మీద రోజుల తరబడి పడింది. అంత ఆవిరిని పట్టుకొచ్చి కుమ్మరించే యంత్రం ఏ దేశం దగ్గరా లేదు, బంగాళాఖాతం దగ్గర మాత్రం ఉంది. మన వైపు వానల తీరు తెలిసినవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఒడిశా తీరంలో అల్పపీడనం పుట్టి ఛత్తీస్‌గఢ్ మీదికి వస్తుంది, దానికి నైరుతి వైపున వాన గట్టిగా పడుతుంది, ఆ నైరుతి మూలన ఉన్నది మనమే. (నేను నాగ్‌పూర్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నా, ఊరు సిరొంచ దగ్గరే.)

ఇక సార్, మీ 1953 లెక్క మీద నాకు పేచీ ఉంది. వరద మట్టం అంటే వాన ఒక్కటే కాదు, ప్రాణహిత, ఇంద్రావతి, పైనున్న డ్యాములు, అన్నీ ఒకే సమయానికి కలిశాయా లేదా అన్నది అందులో ఉంటుంది. వాన మారిందా అని అడిగితే వానే కొలవాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, ఇది ఎవరూ కాదనని భౌతికశాస్త్రం. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1951 నుంచి 2015 దాకా దేశం మొత్తం మీద జూన్-సెప్టెంబర్ వాన దాదాపు 6 శాతం తగ్గింది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటే వానలు మాత్రం 75 శాతం దాకా పెరిగాయి. పత్తిచేను అన్న చాయ్ హోటల్లో చెప్పింది కూడా ఇదే కదా.

లెక్కల_సార్_అహేరి:
అమ్మాయ్, బాగా చదువుకుంటున్నావు, సంతోషం. కానీ 7 శాతం అంటే 100 మిల్లీమీటర్ల వాన 107 అవుతుంది. 75 శాతం ఎక్కణ్నుంచి వచ్చింది? లెక్క కుదరడం లేదు.

నాగ్‌పూర్_చెల్లి:
సార్, మీ క్లాసు లెక్కే చెప్తా. యాభై మంది పిల్లలు, సగటు 55. అందరికీ తలా ఐదు మార్కులు కలిపారు. సగటు ఐదే పెరిగింది. కానీ 90 దాటినవాళ్లు ఎందరు? మొన్నటి దాకా ఇద్దరుంటే ఇప్పుడు ఐదారుగురు, ఎందుకంటే 85కీ 90కీ మధ్య కూర్చున్నవాళ్లంతా గీత దాటేశారు. 150 మిల్లీమీటర్లు కూడా అలాంటి గీతే. పైగా ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది, ఆ వేడికి మేఘంలో గాలి ఇంకా జోరుగా పైకి లేస్తుంది, చుట్టుపక్కల తేమను కూడా లాక్కుంటుంది.

లెక్కల_సార్_అహేరి:
మార్కుల పోలిక బాగుంది, ఒప్పుకున్నా. ఇప్పుడు నా వంతు. 2012లో ఐఐటీ బొంబాయి సుబిమల్ ఘోష్ బృందం నేచర్ క్లైమేట్ చేంజ్‌లో వేసిన పేపర్ చదివావా? దేశమంతా ఒకే రకంగా పెరుగుదల లేదు, పెరిగింది ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య తేడా అన్నారు. నీ "మధ్య భారతం" మ్యాపు మీద గీసిన పెద్ద పెట్టె. అందులో సిరొంచ ఎక్కడ? పెట్టె మొత్తం సగటు తీసి ఈ తమ్ముడి చేను మీద ఎలా పెడతావ్? ఇంకోటి, వాన కొలిచే స్టేషన్ల సంఖ్య ఏ దశాబ్దంలోనూ ఒకేలా లేదు. గేజ్‌లు మారుతుంటే పాత వానకీ కొత్త వానకీ పోలిక పెట్టేటప్పుడు చేయి వణకాలి.

నాగ్‌పూర్_చెల్లి:
చదివాను సార్. ఆ పేపర్ మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది, ఊరు ఊరుకీ లెక్క తేల్చలేమన్న మాట వరకు మీదే రైటు. ఒక చోట పడే పెద్ద వాన అరుదు, అందుకే ఒక్క గేజ్ చూస్తే గందరగోళమే. పెద్ద పెట్టె తీసుకునేది అందుకే. 2006లో గోస్వామి వాళ్లు సైన్స్ పత్రికలో చూపింది కూడా అలాగే. మధ్య భారతంలో భారీ వానలు పెరిగాయి, మోస్తరు వానలు తగ్గాయి, రెండూ కలిపితే అక్కడి సగటు కదల్లేదు. 2017లో పుణె ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) రాక్సీ మాథ్యూ కోల్ బృందం విస్తారంగా పడే అతి భారీ వానలు 1950-2015 మధ్య మూడింతలయ్యాయని చూపింది. కారణంగా వాళ్లు చెప్పింది అరేబియా సముద్రం మీద పడమటి గాలులు పూనకం వచ్చినట్టు ఉన్నట్టుండి తేమను తోసుకురావడం.

లెక్కల_సార్_అహేరి:
అదీ! "గాలులు". అంటే ఒక్క ఆవిరి 7 శాతం కథ కాదన్నమాట.

నాగ్‌పూర్_చెల్లి:
కాదు సార్, నేను అలా అన్లేదు కూడా. ఆవిరి సరుకు, గాలి బండి. సరుకు పెరిగిందన్నది గట్టిగా చెప్పగలం. బండి ఎప్పుడు ఎటు పోతుందన్నది చెప్పడం కష్టం. వాయుగుండాల సంఖ్య తగ్గిందని మీకూ తెలుసు, అయినా వానలు ముదిరాయి.

పత్తిచేను:
మధ్యలో వస్తున్నా. మరి 2023 సంగతేంటి? జులై 27 పొద్దుటికి గోదావరి అవతల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు, రేకుల మీద చప్పుడుకి మాట వినపడలేదు. ఆగస్టు రాగానే ఆశ్లేష, మఖ రెండు కార్తెలూ ఎండిపోయాయి, ఇంజను పెట్టి తడి పెట్టాం. నెల ముందు పడవలు తిరిగిన ఊళ్లో!

నాగ్‌పూర్_చెల్లి:
ఆ ఆగస్టు దేశం మొత్తానికి 1901 నుంచి చూస్తే అన్నింటికంటే పొడి ఆగస్టు, 36 శాతం లోటు. కానీ అన్నా, దాన్ని వాతావరణ మార్పు ఖాతాలో రాయను. అది ఎక్కువగా ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం నీళ్లు వేడెక్కడం) పని. సార్ చెప్పే ఊగిసలాటే.

లెక్కల_సార్_అహేరి:
ఎల్‌నినో మాట కూడా జాగ్రత్తగా వాడాలి. 1997లో ఎంత పెద్ద ఎల్‌నినో, అందరూ కరువని భయపడ్డారు, తీరా చూస్తే దేశంలో వాన మామూలు కంటే కాస్త ఎక్కువే. హిందూ మహాసముద్రంలో పడమర వైపు నీళ్లు వేడెక్కి దాన్ని కాసింది. 2009లో కాసేవాడు లేడు, 22 శాతం లోటు. నేను మార్పు లేదనడం లేదమ్మా, వచ్చిన ప్రతి వానకీ, రాని ప్రతి వానకీ ఒకే పేరు పెట్టకండి అంటున్నా. రేపు నాలుగేళ్లు ముసురు పడితే ఇదే తమ్ముడు "అంతా అబద్ధం" అంటాడు.

పత్తిచేను:
అనను సార్. కానీ ఎట్లా పడినా నాకొచ్చిన చిక్కు ఆ 65 దగ్గరే.

నాగ్‌పూర్_చెల్లి:
అది తేలిక. వాన లెక్కలో రోజు అంటే పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. మీ వాన ఐదింటికి మొదలై పదకొండింటికి ఆగింది కదా, ఎనిమిదిన్నరకి దాన్ని నరికేశారు. ముందు 41, తర్వాత 52. మొత్తం 93, కానీ కాగితం మీద రెండు మామూలు వానలు.

గోదారి_గట్టు:
అరె వాహ్! రాత్రి పది నుంచి పడితే డబ్బులొస్తాయి, తెల్లారి పడితే రావు. వానకి టైం టేబుల్ పంపాలి.

లెక్కల_సార్_అహేరి:
ఈ ఒక్క విషయంలో అమ్మాయితో నాకు తకరారు లేదు. ఆటోమేటిక్ యంత్రం గంట గంటకీ రాసుకుంటూనే ఉంటుంది, కిటికీ జరిపినట్టు ఏ వరస 24 గంటలైనా తీసుకుని కలపొచ్చు. పాత రోజుల్లో మనిషి పోయి గ్లాసుతో కొలిచేవాడు కాబట్టి పొద్దున ఒకసారి అని పెట్టారు. ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. మోస్తరు వానలు తగ్గి తక్కువ గంటల్లో ఎక్కువ పడటమే పెరుగుతోందని మీరనేది నిజమైతే, 24 గంటల గీత ఒక్కటే పెట్టుకోవడం ఇంకా తప్పు. మూడు గంటల్లో 60 పడితే నల్లరేగడిలో పత్తి బతుకుతుందా?

కాకపోతే తమ్ముడూ, సర్కిల్ గేజ్ నీ చేనుకి ఎంత దూరం?

పత్తిచేను:
పన్నెండు కిలోమీటర్లు సార్.

లెక్కల_సార్_అహేరి:
మరి ఆ 93 నీ చేలో పడ్డట్టు సాక్ష్యం ఏది? ఇంకా ఎక్కువే పడి ఉండొచ్చు, సగమే పడి ఉండొచ్చు.

పత్తిచేను:
బావి దగ్గర ఖాళీ పెయింట్ డబ్బా ఉండె. ముందు రోజు సాయంత్రం అందులో మందు కలిపి, కడిగి బోర్లించకుండా అట్లే పెట్టా. వాన ఆగాక చూస్తే బెత్తెడు దాటి నీళ్లు. ఫోటో కూడా ఉంది, వేళ్లు పెట్టి తీశా, ఎవరూ చూడలేదు.

లెక్కల_సార్_అహేరి:
పెయింట్ డబ్బాకి మూతి వెడల్పు, అడుగు ఇరుకు, అందుకని నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువ ఎత్తు చూపిస్తాయి. టేపు తీసుకుని పై అడ్డం, కింది అడ్డం, డబ్బా ఎత్తు కొలిచి ఇక్కడ పెట్టు, ఫోటో కూడా. లెక్క నేను కడతా.