“తల వంచాను” అనాలా, “తల వంగింది” అనాలా?

నాలుగు రోజులుగా ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను, మీ సాయం కావాలి. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సేనకు బందీ అయిన అమెరికన్ జనరల్ జొనాథన్ వెయిన్‌రైట్ మీద ఒక వ్యాసం తెలుగులో రాస్తున్నాను. 1942 మే 6న ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడార్ దీవి నుంచి ఆయన అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఒక సందేశం పంపాడు. మనీలా అఖాతంలోని కోట దీవులను అప్పగించే షరతులు ఇవాళ మాట్లాడుకోక తప్పదని చెబుతూ, ముందుగా తన స్థితి చెప్పుకున్నాడు. గుండె పగిలిందట, తల వంగి ఉందట, అదీ దుఃఖంతోనే గానీ సిగ్గుతో కాదట.

అర్థం ఇంతే, కానీ తెలుగులో పెట్టబోతే ప్రతి మాటా అడ్డం తిరుగుతోంది. మనకు తల వంచడమంటేనే సిగ్గు. చిన్నప్పుడు పక్కింటి జామచెట్టు మీద దొరికిపోతే మా నానమ్మ జామకాయల ఊసే ఎత్తలేదు, “నలుగురిలో తలవంపులు తెచ్చావు కదరా” అంది, అంతే. “తల వంచాను, సిగ్గుతో కాదు” అని రాస్తే మొదటి సగం రెండో సగాన్ని కొట్టేస్తుంది. “తల దించుకుని” అంటే తప్పు చేసినవాడు కనిపిస్తాడు, “తల వాల్చి” అంటే ప్రాణం పోయినట్టుంటుంది, “తల వేలాడేసి” అంటే పరీక్ష తప్పిన కుర్రాడు గుర్తొస్తాడు. గుండె సంగతీ అంతే. “మనసు విరిగి” అంటే విసిగి వదిలేసినట్టు. చివరికి “గుండె చెరువై” అని పెట్టుకున్నాను.

ఆ మాట అన్నప్పుడు ఆయన ఏ పరిస్థితిలో ఉన్నాడో చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది. మార్చిలో అక్కడి సేనాధిపతి జనరల్ మెకార్థర్ ఆస్ట్రేలియా వెళ్లిపోతే బాధ్యతంతా ఈయన నెత్తిన పడింది. ఏప్రిల్ 9న పక్కనే ఉన్న బటాన్ ద్వీపకల్పం జపాన్ చేతికి పోయింది. మిగిలిన కొరెగిడార్ మీద ఫిరంగులు ఆగకుండా పేలుతుంటే, మలింటా అనే సొరంగంలో గాయపడినవాళ్లు వందలమంది. మే 3న ఒక జలాంతర్గామి వచ్చి కొందరు నర్సులనూ ఆఫీసర్లనూ తీసుకుపోయింది, ఈయన అక్కడే ఉండిపోయాడు. జపాన్ ట్యాంకులు ఒడ్డెక్కాయి, అవి ఆ సొరంగంలోకి వస్తే లోపలివాళ్ల గతేమిటన్నదే ఆయన భయం. తీరా మాట్లాడబోతే జపాన్ సేనాధిపతి జనరల్ హొమ్మా ఈ దీవి ఒక్కటే చాలదు, ఫిలిప్పీన్స్‌లోని సేనంతా దిగిరావాలని పట్టుబట్టాడు. ఒప్పుకోకపోతే కొరెగిడార్‌లో ఉన్న వేలమందిని చంపేస్తారేమోనని ఒప్పుకుని, మర్నాడు మనీలా రేడియోలో తనే ఆ ఆదేశం చదివాడు.

అందుకే “పట్టుబడ్డాడు” అని రాయలేను. అది దొంగలకూ లంచం తిన్నవాళ్లకూ వాడే మాట, పైగా ఇక్కడ అబద్ధం కూడా. ఒకరు “అస్త్రసన్యాసం” సూచించారు, మంచి మాటే, కానీ కొడుకు పోయాడని నమ్మి రథం మీదే కూర్చుండిపోయిన ద్రోణుడి వైరాగ్యం అందులో ఉంది. వెయిన్‌రైట్‌కు వైరాగ్యం లేదు, ఎన్ని ప్రాణాలు మిగులుతాయన్న లెక్క ఉంది. పత్రికల్లో అరిగిపోయినా “లొంగిపోయాడు” అన్నదే నిజానికి దగ్గర.

తర్వాత మూడేళ్లకు పైగా చెర. ముందు ఫిలిప్పీన్స్‌లోని తార్లాక్, తర్వాత తైవాన్, చివర మంచూరియా. ఆకలి, దెబ్బలు. మామూలు కాపలా సిపాయికి కూడా ఆ జనరల్ వంగి నమస్కరించాలి. వీటన్నిటికంటే తన దేశం తనను ఏమనుకుంటోందో అన్న బెంగ పెద్దది, ఇంటికి వెళ్తే కోర్టుమార్షల్ (సైనిక విచారణ) చేస్తారనే అనుకున్నాడు. 1945 సెప్టెంబరు 2న మిసోరీ యుద్ధనౌక మీద జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరుగుతున్నప్పటి ఫొటోలో, సింగపూర్‌ను అప్పగించిన బ్రిటిష్ జనరల్ పెర్సివల్‌తో పాటు మెకార్థర్ వెనక నిలబడి ఉంటాడు చూడండి, ఎముకల గూడులా. మెకార్థర్ సంతకం చేసిన మొదటి కలం ఈయనకే ఇచ్చాడు. 1942లో ఈయనకు అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇవ్వాలని అప్పటి అమెరికా సైన్యాధిపతి జనరల్ మార్షల్ అంటే అడ్డుపడినదీ ఆ మెకార్థరే! చివరికి 1945 సెప్టెంబరు 10న అధ్యక్షుడు ట్రూమన్ చేతుల మీదుగా అందింది.

ఒక అక్క జవాబు:
తమ్ముడూ, “వంచు” దగ్గరే ఇరుక్కున్నావు. వంచడం మనం చేసే పని, వంగడం దానంతటది జరిగేది. తలవంపులు పుట్టింది వంచడం నుంచి. కంకి బరువెక్కి వంగితే చేనుకు సిగ్గని ఎవరంటారు? “తల వంగింది” అని రాసి చూడు.

నా జవాబు:
అక్కా, ముడి విప్పేశారు, దండాలు. ఇలా మార్చాను: “గుండె చెరువైంది. దుఃఖభారంతో తల వంగింది, సిగ్గుతో కాదు.” అదే సందేశంలో ఇంకో వాక్యం ఉంది, దానికి “ఓర్పు” అని పెట్టి కొట్టేశాను. ఓర్పు అంటే సుగుణం, ఆయన చెప్పింది ఒంట్లో మిగలనిదాని గురించి. మా ఇంట్లో జ్వరమొచ్చినా పొలంలో అలసిపోయినా ఓపిక లేదనే అంటారు. కాబట్టి: “మనిషి ఓపికకూ ఒక హద్దుంది. ఆ హద్దు దాటి చాలాకాలమైంది.” ఇంకెవరికైనా ఇంతకన్నా మంచి మాట తడితే రేపు సాయంత్రంలోపు చెప్పండి, ఆ తర్వాత పంపేస్తాను.