వైట్ టైగర్స్ దళం 2016లో ముగిసినట్టా, కొనసాగుతున్నట్టా?

తార్నాక సాగర్: ఆదివారం సైనిక్‌పురిలో ఒక క్లబ్ వాళ్లు పెట్టిన సభకు వెళ్లాను. నేవీ 300వ స్క్వాడ్రన్ ‘వైట్ టైగర్స్’ 1960లో మొదలై, 2016 మే 11న గోవాలో సీ హారియర్ యుద్ధ విమానాలతో పాటే ముగిసిపోయిందన్నారు. ఇది తప్పు. అదే నంబరు, అదే పేరు మిగ్-29కే యుద్ధ విమానాలకు ఇచ్చారు. దళం బతికే ఉంది.

కాప్రా మూర్తి: నంబరు ఇచ్చినంత మాత్రాన అదే దళం అవుతుందా? హారియర్ ఓడ మీద నిట్టనిలువుగా దిగేది. మిగ్ తన తోక కొక్కేన్ని ఓడ డెక్ మీద అడ్డంగా కట్టిన తీగకు తగిలించి ఆగుతుంది. ఆ విద్యే వేరు.

తార్నాక సాగర్: అలాగైతే మీ లెక్కన 1983లో హారియర్లు వచ్చినప్పుడే ముగియాలి. అంతకుముందు ఉన్న సీ హాక్‌లు విమానవాహక నౌక విక్రాంత్ మీద తీగ పట్టుకునే ఆగేవి. దిగడంలో సీ హాక్‌కి హారియర్ కన్నా మిగ్గే దగ్గరి చుట్టం. దీనికి జవాబు చెప్పండి.

ఈసీఐఎల్ రవి: తీగ దగ్గరే ఆగిపోయారేంటండీ ఇద్దరూ. 1971 యుద్ధం గురించి రాయండి ఎవరైనా.

కాప్రా మూర్తి: రాస్తాను. డిసెంబర్ 4న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద సీ హాక్‌లు దాడి చేశాయి. అప్పటికి విక్రాంత్‌ని నడిపే ఆవిరిని పుట్టించే నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లు. ఓడ వేగం తగ్గితే డెక్ మీద ఎదురుగాలి తగ్గుతుంది, విమానం లేవడం కష్టమవుతుంది. మిగతా బాయిలర్లతోనే నెట్టుకొచ్చిన వాళ్ల ఊసు ఆ సభలో ఎవరైనా ఎత్తారా?

తార్నాక సాగర్: మాట మార్చకండి. నంబరు కొనసాగిందా, లేదా?

కాప్రా మూర్తి: మీకు నంబరే కావాలి! మా బాబాయి గోవాలో హారియర్ ఇంజిన్ల మీద పనిచేశారు. ఆ ఇంజిన్ మార్చాలంటే ముందు రెక్క మొత్తాన్ని విప్పి పైకి లేపాలి. ఆయన్ని కూడా మాట్లాడనివ్వమని ఆ క్లబ్ వాళ్లకు ఫోన్ చేస్తే, ‘పైలట్లు చాలండీ’ అన్నారు. 1971లో 300కి కమాండింగ్ ఆఫీసర్‌గా ఉన్న సంతోష్ కుమార్ గుప్తాగారికి మహావీర్ చక్ర ఇచ్చారు, ఇవ్వాల్సిందే. కింద స్పానర్ పట్టుకున్నవాడి పేరు ఏ చరిత్రలో ఉంది?

మల్కాజిగిరి లక్ష్మి: ఇది ముందే చెప్పాల్సింది మూర్తిగారూ. పొద్దుటి నుంచి తీగల గురించి కొట్టుకుంటున్నారు.

తార్నాక సాగర్: బాబాయిగారికి జరిగింది అన్యాయమే. కానీ దళం ముగిసిపోయిందంటే ఆయన పనిని ఇంకెవరు గుర్తు పెట్టుకుంటారు? రేపు ఆ పులి బ్యాడ్జి పెట్టుకునే కుర్రాడు ‘మనకంటే ముందు ఎవరున్నారు’ అని అడిగేది దళం ఉంటేనే కదా.

కాప్రా మూర్తి: అడిగితే పైలట్ల పేర్లే చెబుతారు. 

మల్కాజిగిరి లక్ష్మి: బాబాయిగారు ఒప్పుకుంటే మనమే రికార్డు చేసి ఇక్కడ పెడదాం.

తార్నాక సాగర్: పెట్టండి, మొత్తం వింటాను. పైన మాత్రం ‘1960–2016’ అని రాయొద్దు.